కంబలికీ కంచానికీ మధ్య ఒక కాగితం

మా తమ్ముడి మనవరాలు ఈ మధ్య కోర్టులో అనువాదకురాలిగా చేరింది. చేరే ముందు నా దగ్గరికి వచ్చి, ఈ పనిలో కష్టమైన మాటలేమిటో చెప్పమంది. భూమి తగాదాల్లో వచ్చే పాత ఉర్దూ పదాలు ఓ రెండు పేజీలు రాసిచ్చాను. సంతోషంగా వెళ్లిపోయింది. ఆ తర్వాత డైరీల పెట్టె తెరిచి కూర్చుంటే, ఆ పిల్లకు అసలు చెప్పవలసింది చెప్పలేదని అర్థమైంది. కష్టమైన మాటలకు నిఘంటువు ఉంది. చివర్లో పెట్టే సంతకానికి లేదు.

నా పదోన్నతులు, బదిలీలు, పింఛను తిప్పలు ఇక్కడ రాయను. అవి చదవడం నాకే విసుగు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, హనుమకొండ కలెక్టరు కచేరీలో తర్జుమా గుమాస్తాగా ఉన్నప్పుడు నా చేతుల మీదుగా నడిచిన ఒక్క కేసు రాస్తాను. డైరీ ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి వారాలూ ఎండావానలూ రైళ్ల ఆలస్యాలూ తప్పుండవు. మనుషుల మీద నా అభిప్రాయాలు తప్పయితే అయి ఉండవచ్చు.

ఇత్మినాన్

నేను ఉద్యోగంలో చేరింది నిజాం సర్కారులో. యుద్ధం రోజుల్లో, యుద్ధం పేరు చెప్పి మనుషుల్ని పట్టుకునే నియమాలు ఉండేవి. యుద్ధం అయిపోయింది, నియమాలు ఉండిపోయాయి. తర్వాత మిలిటరీ గవర్నరు వచ్చాడు. కచేరీ గోడ మీద ఫోటో మారింది. ఫోటో తగిలించిన మేకు అదే. విచారణ లేకుండా జైల్లో పెట్టే నియమం కూడా ఆ మేకులాంటిదే.

ఆ నియమం అర్థం చేసుకోవడం చాలా తేలిక. ఫలానా మనిషి బయట తిరిగితే ప్రజల భద్రతకు ముప్పు అని సర్కారుకు అనిపించాలి. అనిపిస్తే చాలు. కేసు అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు, విచారణ అసలే అక్కర్లేదు. ఉర్దూ ఫారంలో 'సర్కారుకు ఇత్మినాన్ కలిగినందున' అని అచ్చేసి ఉండేది. ఇత్మినాన్ అంటే తృప్తి. 'సర్కారు తృప్తి చెందినందున' అని నేను మొదటిసారి తెలుగులో రాసినప్పుడు, విందు భోజనం చేసి పీట మీద నుంచి ఆపసోపాలు పడుతూ లేస్తున్న ఒక పెద్దమనిషి కళ్ల ముందు కనిపించాడు. ఆ తర్వాత ఎన్ని వందల సార్లు రాసినా ఆ పెద్దమనిషే కనిపించేవాడు.

ఆ తృప్తి ఎలా కలిగింది, ఎవరు వడ్డించారు అని అడిగే అధికారం తమకు లేదని హైకోర్టు జడ్జీలు తీర్పు మీద తీర్పు రాసేవారు. వాళ్లు చూసేవి వేరే. ఉత్తర్వు మీద సంతకం ఉందా? తేదీ ఉందా? నిన్ను ఈ కారణాలతో పట్టుకున్నామని ఖైదీకి తెలిసిన భాషలో చెప్పారా? చెబితే కదా అతను సర్కారుకు అర్జీ పెట్టుకోగలిగేది. సర్కారు చేసిన పనిని జడ్జీలు చూడరు, గుమాస్తాలు చేసిన పనిని భూతద్దం పెట్టి చూస్తారు. అందువల్ల ఆ రోజుల్లో వకీళ్ల వాదన విడిపించిన వాళ్లకంటే మా కచేరీ బద్ధకం విడిపించిన వాళ్లే ఎక్కువని నా నమ్మకం. ఈ మాట నేను ఉద్యోగంలో ఉండగా అనలేదు. అనేవాణ్ణి కూడా కాదు.

ఆ మూడో సంగతి, భాష సంగతి, నా పని. కారణాలు ఉర్దూలో వచ్చేవి. వాటిని తెలుగు చేసుకుని, వరంగల్ జైలుకు పోయి, ఖైదీని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి, అర్థమయ్యేలా చెప్పి, వేలిముద్ర తీసుకోవాలి. 'నేను స్వయంగా చదివి వివరించాను' అని ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి.

శనివారం సంతకాలు

మా సెక్షన్ పెద్ద పేష్కారు కరీముద్దీన్ సాహెబు. పని నేర్పినవాడు కాబట్టి ఈనాటికీ సాహెబు అనే అంటాను. ముసాయిదా రాస్తే కొట్టివేత ఉండేది కాదు. ఎవరి మీదా కోపం ఉండేది కాదు. హిందువునూ ముసల్మానునూ, దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లనూ ఆ దొరలనూ ఆయన ఒకే రకంగా చూసేవాడు: ఫైళ్లుగా.

పట్టుకొచ్చేవాళ్లు పెరిగారు. హనుమకొండ నుంచి జైలుకు టాంగా మీద పోయి రావాలి, అక్కడ ఒక్కొక్కరికి గంట పడుతుంది. కాగితాలు పేరుకుపోయాయి. ఒక శనివారం సాహెబు నా బల్ల మీద ఖాళీ ధ్రువపత్రాల కట్ట పెట్టి సంతకాలు చేయమన్నాడు. పేర్లూ తేదీలూ తర్వాత నింపుకోవచ్చు, జైలు మున్షీ చదివి వినిపిస్తాడు అని ఏర్పాటు. 'స్వయంగా' అని అచ్చులో ఉందని నేను నసిగాను.

"అరే మియా, నువ్వు చదివితే మాత్రం వాళ్లకేం సమజైతది?" అన్నాడు ఆయన, పాన్ సర్దుకుంటూ. "సర్కారుకు ఇత్మినాన్ అయింది. కలెక్టరు సాబుకు అయింది. నాకు అయింది. నీ ఒక్కనికే కాలేదా?"

నాకూ అయింది. అప్పటి నుంచి ప్రతి శనివారం సంతకాలు పెట్టాను. అంతటితో ఆగితే నేను నేను కాను. పద్ధతి మనిషిని కదా, ప్రతి ధ్రువపత్రానికీ నంబరు వేశాను, రిజిస్టరు తెరిచాను, ఎర్ర సిరాతో గీతలు కొట్టాను, ఉత్తర్వు జైలుకు చేరే రోజును బట్టి తేదీలు వరసగా నింపాను. ఆ రిజిస్టరు చూసి సాహెబు ముచ్చటపడ్డాడు. అబద్ధాన్ని అంత శుభ్రంగా రాసేవాణ్ణి ఆయన అంతకు ముందు చూడలేదు.

జైల్లో ఏం జరిగేదో నాకు తర్వాత తెలిసింది. కొత్త ఖైదీకి కంబలి ఇస్తారు, దానికొక వేలిముద్ర. కంచం, గిన్నె ఇస్తారు, దానికొక వేలిముద్ర. మున్షీ ఆ రెండు రసీదులకూ మధ్య మా కారణాల కాగితం పెట్టేవాడు. చదవడం అనే ప్రస్తావనే లేదు. సిరా దిండు ఒక్కసారి తీస్తే మూడు పనులూ అయిపోతాయి. పద్ధతి మనుషులు కచేరీలోనే కాదు, జైల్లోనూ ఉంటారు.

రాజవ్వ

వేముల సాంబయ్యది కొత్తవాడ. జంపఖానాలు నేసేవాడు. అతని మీద ఐదు కారణాలు రాశారు. జంపఖానా చుట్టల్లో సంఘం వాళ్ల చీటీలు పెట్టి రైల్లో నెక్కొండ చేరవేస్తాడని మొదటిది. తలదాచుకోవడానికి వచ్చినవాళ్లకు అన్నం పెట్టాడని రెండోది. తక్కినవి ఆ రెంటినే తిప్పి తిప్పి చెప్పినవి. అవి నిజమో కాదో నాకు తెలియదు. అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఫైలుకు కూడా తెలియదు. ఫైలు నిండా 'విశ్వసనీయంగా తెలిసింది' అనే మాటే ఉంది.

ఒక గురువారం అతని భార్య రాజవ్వ కచేరీకి వచ్చింది. వేళ్లకు నూలు రంగు అంటుకుని ఉంది. మొగుణ్ణి ఎందుకు పట్టుకుపోయారో చెప్పమంది. ఆ కారణాలు అతనికే తెలుగులో చదివి చెప్పామని రిజిస్టరు తిప్పుతూ అన్నాను. ఎవరు చెప్పారని అడిగింది. నేనే అన్నాను.

"మొన్న ములాఖత్‌ల నేనడిగిన సారూ. నన్నెవలు ఏం చెప్పలేదే అన్నడు. కంబలికి ఏలుముద్ర ఏసిండట, తల్లెకు ఏసిండట. నడుమల ఇంకోటి ఏపిచ్చుకున్నరట. అది గూడ కంబలిదే అనుకున్నడట. కంబలికి రెండు కాయితాలెందుకు సారూ? అదేమన్న కశ్మీరు శాలువనా?"

కచేరీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. జైల్లో కంగారులో మరిచిపోయి ఉంటాడని సర్దిచెప్పబోయాను.

"మా ఆయన నిద్రల గూడ పోగు తప్పడు. గిది తప్పుతడా?" అంది. ధ్రువపత్రం తీసి చూపించాను. ఆమెకు చదువు రాదు. అయినా నా సంతకం మీద వేలు పెట్టి చూసింది. "గిది నువ్వు పెట్టిందేనా సారూ? మంచిగున్నది," అని వెళ్లిపోయింది.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇది: 'గురువారం. ఎండ తీవ్రం. కొత్తవాడ ఆమె వచ్చింది, పంపించేశాను. కలం పాళీ మార్చాను.'

చేపల పులుసు

రాజవ్వ కచేరీ మెట్లు దిగి నేరుగా రంగారావు వకీలు ఇంటికి పోయింది. ఆయన హైకోర్టులో హెబియస్ కార్పస్ అర్జీ వేశాడు, మనిషిని చట్టప్రకారం పట్టుకున్నారో లేదో కోర్టు చూడాలని. సర్కారు జవాబుగా నా ధ్రువపత్రం దాఖలు చేసింది. రాసిన తర్జుమాదారు ఫైలుతో సహా వచ్చి ప్రమాణం మీద చెప్పాలని జడ్జీలు ఉత్తర్వు వేశారు.

హైకోర్టుకు పోవడానికి కాజీపేటలో బండెక్కితే నా ఎదుటి బల్ల మీద రంగారావు వకీలే కూర్చుని ఉన్నాడు. కింద మూట పక్కన రాజవ్వ. ఆయన కేసు మాట ఎత్తలేదు. పొట్లం విప్పి పల్లీలు పెట్టాడు. ఎండలు, మామిడికాయలు అన్నీ అయ్యాక, "డైరీ ఇంకా రాస్తున్నరా?" అని మామూలుగా అడిగాడు.

నా డైరీల సంగతి హనుమకొండలో తెలియనివాళ్లు లేరు. ఇరానీ హోటల్లో ఏ రోజు వాన పడిందని పందెం వస్తే తీర్పు నాదే. ఈయనే అంతకు ముందు ఏడు, వాళ్లమ్మాయి జాతకం రాయించడానికి ఆ పిల్ల పుట్టిన పూట వాన వెలిసింది ఎప్పుడో నన్నడిగి రాసుకుపోయాడు. ఆ విషయం నేను మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు. ఒక్క రోజు కూడా తప్పలేదని, ఈ ఏటి డైరీ ఇదిగో సంచిలోనే ఉందని గొప్పగా తట్టి చూపించాను. ఆయన నాకు ఇంకో గుప్పెడు పల్లీలు పెట్టాడు.

కోర్టులో ఇద్దరు జడ్జీలు. పెద్దాయన నశ్యం పీల్చేవాడు. చిన్నాయనే ఎక్కువ మాట్లాడేవాడు. 'అవును' అని తప్ప ఇంకేమీ అనవద్దని సర్కారీ వకీలు నాకు ముందే చెప్పాడు. సంతకం నాదేనా అంటే అవునన్నాను. ఆ తేదీన స్వయంగా వరంగల్ జైలుకు పోయి చదివి చెప్పానా అంటే అవునన్నాను. ప్రమాణం చేసి అన్నాను. ఇక్కడి దాకా నా గొంతు బాగానే పలికింది.

ఆ తేదీ ఏ వారమని రంగారావు అడిగాడు. మంగళవారమని ఠక్కున చెప్పాను. వారాలు చెప్పడం నాకు సరదా. డైరీ రాస్తారా అంటే రాస్తానన్నాను. ఈ ఏటి డైరీ ఎక్కడుందని అడిగాడు.

సర్కారీ వకీలుకు దగ్గు వచ్చింది. ఇంట్లో ఉందని చెప్పవచ్చు. సంచి నా కాళ్ల దగ్గరే ఉంది, ఎవరూ వెతకరు. ఇప్పుడు చదివేవాళ్లు నేను ఆ క్షణంలో సాంబయ్య గురించి ఆలోచించానని అనుకోవద్దు. నా ఉద్యోగం గురించి ఆలోచించాను. తర్వాత డైరీ గురించి ఆలోచించాను. సర్కారు రిజిస్టర్లో అబద్ధం రాయడం నాకు అలవాటైంది. నా డైరీని లేదనడం చేతకాలేదు. దాన్ని ధైర్యం అనరు. తీసి బల్ల మీద పెట్టాను.

పెద్ద జడ్జీకి తెలుగు రాదు. తర్జుమాదారు మీరే కదా, చదివి తర్జుమా చేయండి అన్నాడు. నా వృత్తిలో అంత జాగ్రత్తగా చేసిన తర్జుమా మరొకటి లేదు.

"మంగళవారం. మబ్బు. డోర్నకల్‌లో బావమరిది ఇంట్లో భోజనం. చేపల పులుసులో ఉప్పు ఎక్కువ, చెప్పలేదు. తిరుగు బండి మూడు గంటలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద చెప్పు తెగింది."

పెద్ద జడ్జీ నశ్యం డబ్బీ మూసి, ఉప్పు సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాడు. వడ్డిస్తున్నది బావమరిది భార్య హుజూర్ అన్నాను. కోర్టు నవ్వింది. చిన్న జడ్జీ నవ్వలేదు. జైలుకు పోయిన సంగతి ఇందులో లేదేమిటన్నాడు. అంతటితో ఆగకుండా, బహుశా పొద్దున్నే పోయి వచ్చి రాయడం మరిచిపోయారేమో అని నాకు దారి కూడా చూపించాడు. దయగల మనిషి. లేదా ఫైలు తొందరగా మూయాలనుకునే మనిషి.

నేను వెనక్కి చూశాను. తలుపు దగ్గర రాజవ్వ నిలబడి ఉంది. అక్కడ నడుస్తున్న ఉర్దూ ఆమెకు ఒక్క ముక్క తెలియదు. నా మొహం మాత్రం చూస్తోంది, ఆ రోజు సంతకాన్ని చూసినట్టు.

"నేను పోలేదు హుజూర్. సంతకం అంతకు ముందు శనివారమే పెట్టాను."

కారణాలు ఖైదీకి తెలిసిన భాషలో చెప్పలేదు గనుక నిర్బంధం చెల్లదు, వదిలిపెట్టండి అని ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు అయింది. నాకు పడిన శిక్ష గురించి రాయను. పడవలసిన దానికంటే తక్కువే పడింది.

జైలు గేటు నుంచి టాంగా దాకా

సాహెబు నన్ను కసురుతాడనుకున్నాను. రెండు రోజుల తర్వాత, విడుదల ఉత్తర్వు జైలుకు చేరిన పూట, ఒక కవరు చేతికిచ్చి జైలుకు పొమ్మన్నాడు. "ఈసారి నువ్వే పో. నువ్వే చదువు. ఒక్క అక్షరం తప్పొద్దు."

కవర్లో కొత్త ఉత్తర్వు ఉంది. పేరు అదే, ఐదు కారణాలూ అవే, తేదీ కొత్తది. సర్కారుకు మళ్లీ తృప్తి కలిగింది.

నేను పోయేసరికి సాంబయ్య లోపల కంబలి, కంచం, గిన్నె తిరిగి అప్పజెబుతున్నాడు. వాటికి కూడా వేలిముద్రలు. గేటులోని చిన్న తలుపు వంగి దాటి బయటికి వచ్చాడు. రాజవ్వ ఎదురొచ్చి చేయి పట్టుకుని, మాట్లాడి పెట్టుకున్న టాంగా దగ్గరికి తీసుకుపోయింది. సాంబయ్య ఒక కాలు టాంగా మెట్టు మీద పెట్టాడు. చెట్టు నీడన నిలబడ్డ సబ్‌ఇన్‌స్పెక్టరు అప్పుడు ముందుకొచ్చాడు. జైలు లోపల కొత్త ఉత్తర్వు ఇవ్వడం కుదరదట, బయటికి వచ్చిన మనిషినే పట్టుకోవాలట. టాంగా దాకా వస్తే బయటికి వచ్చినట్టే కదా. హైకోర్టు ఇచ్చిన స్వేచ్ఛను నేను అడుగులతో కొలిచాను, డైరీలో ఉంది. ఇరవై రెండు.

రాజవ్వ అరవలేదు. నా చేతిలో కవరు చూసింది.

లోపల మూడు గంటలు కూర్చున్నాం. మొదటిసారిగా నా పని నేను చేశాను. ప్రతి కారణం చదివాను, అర్థం చెప్పాను, మళ్లీ చదివాను. సాంబయ్య మగ్గం ముందు కూర్చున్నట్టు కాళ్లు కిందికి వేలాడేసి బల్ల అంచున కూర్చుని విన్నాడు. మొదటి కారణానికి అతనికి పనివాడి కోపం వచ్చింది.

"జంపఖాన చుట్టల చీటి పెడితే ఇప్పంగనే జారి పడదా సారూ? నేసెటోనికి ఆ మాత్రం తెల్వదా? పెట్టాల్నంటే నేతల్నే పెట్టి నేస్త."

అతని జవాబులు రాసుకుంటూ పోయాను, ఆ చివరి వాక్యం మాత్రం రాసుకోలేదు; రాస్తే అది ఆరో కారణం అయ్యేది. నా మొత్తం ఉద్యోగంలో తెలిసి వదిలేసిన వాక్యం అదొక్కటే.

అన్నం పెట్టిన సంగతికి, తలుపు కొట్టినవాణ్ణి ఏ పార్టీవని అడిగి పెట్టాలా అన్నాడు. ఐదూ అయ్యాక, "గిదంత ముందుగాల్నే ఎందుకు చదువలేదు సారూ?" అని అడిగాడు.

డోర్నకల్ పోయానని చెప్పాను.

"మంచిగైంది పోయిండ్రు. లేకుంటే నేను టాంగ దాకన్న పోకపోతుంటి," అని బొటనవేలు ముందుకు చాపాడు. సిరా పూసేటప్పుడు, "గిది కంబలిది కాదు గద?" అన్నాడు. కంబలిది వేరే వస్తుందని చెప్పాను. ఇచ్చే కంబలి మీద అతనికి మంచి అభిప్రాయం లేదు. అది నేసినవాడికి సిగ్గు లేదన్నాడు.

మెప్పు

ఆ పూట నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. నా తెలివైన ఆలోచనలను గురించి చదివేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఖైదీ చెప్పిన జవాబులన్నీ అతని మాటల్లోనే రాసి ధ్రువపత్రానికి జత చేస్తే, ఎవరో ఒకరు చదువుతారు, ఈ కారణాలు ఎంత పలచనివో తెలుస్తుంది. నాలుగు కాగితాలు నిండాయి.

సాహెబు చూసి ముందు విసుక్కున్నాడు. ధ్రువపత్రం నాలుగు వరుసలైతే నాలుగు కాగితాలేమిటన్నాడు. కూర్చుని మొత్తం చదివాడు. మొహం విచ్చుకుంది.

"షాబాష్ మియా. వానికి సమజైందనేటందుకు ఇంతకన్న సబూతు ఏం గావాలె? ఒక్కొక్క దానికి జవాబు చెప్పిండు."

జవాబులు చదివి ఎవరైనా సాంబయ్యను నమ్ముతారనుకున్నాను. అవి అతనికి కారణాలు అర్థమయ్యాయనడానికి రుజువవుతాయని, ముప్పై ఏళ్ల సర్వీసున్న పేష్కారుకు ఒక్క చూపులో తట్టింది నాకు తట్టలేదు.

రంగారావు మళ్లీ అర్జీ వేశాడు. నా నాలుగు కాగితాలూ కోర్టులో చదివాడు, బాగా చదివాడు. కారణాలు నిజమా అబద్ధమా అనేది తాము చూసేది కాదని జడ్జీలు అన్నారు. ఖైదీ ప్రతి కారణానికీ జవాబిచ్చాడు కాబట్టి అతనికి పూర్తిగా తెలిసినట్టే, ఉత్తర్వులో లోపం లేదు, అర్జీ కొట్టివేస్తున్నాం అన్నారు. పోయినసారి దోషం ఎత్తి చూపాం గనుక ఈసారి మెచ్చుకోవడం న్యాయమని, తర్జుమాదారు తన విధిని ఎంతో శ్రద్ధగా నిర్వర్తించాడని తీర్పులో ఒక వాక్యం కూడా రాశారు. నా ఉద్యోగం మొత్తంలో హైకోర్టు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. సాహెబు దాన్ని కచేరీలో అందరికీ చదివి వినిపించి చాయ్ తెప్పించాడు. తాగాను.

ఆ జవాబులనే సాంబయ్య పెట్టుకున్న అర్జీగా భావించి పైకి పంపారు. 'పరిశీలించి తిరస్కరించడమైనది' అని ఒక వరుస తిరిగి వచ్చింది. దాన్ని కూడా నేనే తెలుగు చేశాను.

ఆ జడ్జీలు చెడ్డవాళ్లని నేను అనను. లంచం తినలేదు, ఎవరికీ భయపడినట్టు కనిపించలేదు. సాంబయ్య నేతపని మాటల్లో చెప్పాలంటే, బట్ట చూడకుండా అంచు కొలిచి సరిగ్గా ఉందన్నారు. ఒకసారి అంచు వంకర పోయింది, మనిషి బయటికి వచ్చాడు. నేను అంచు తిన్నగా కుట్టి ఇచ్చాను, లోపలే ఉన్నాడు.

రాజవ్వ ఇంకోసారి కచేరీకి వచ్చింది, ములాఖత్ చీటీ కోసం. నేను లేచి ఎదురు వెళ్లాను. ఏం చెప్పాలో ముందే అనుకున్నాను కానీ, ఆమె నన్ను మొదలుపెట్టనివ్వలేదు.

"తప్పు చేసిన్నాడు మా ఆయనను బయటికి తెచ్చినవు సారూ. మంచిగ చేసిన్నాడు లోపట్నే ఉంచినవు. మల్ల ఎప్పుడు తప్పు చేస్తవో జర ముందుగాల చెప్పు. టాంగ మాట్లాడుకుంట."

ఈసారి కచేరీలో ఎవరూ నవ్వలేదు. సాహెబు పాన్ డబ్బీలో ఏదో వెతుక్కున్నాడు.

చివరి వేలిముద్ర

మా తమ్ముడి మనవరాలికి రెండే మాటలు. చదవకుండా సంతకం పెట్టవద్దు, పోకుండా పోయానని రాయవద్దు. ఇలా చేస్తే మంచి జరుగుతుందని నేను చెప్పలేను. నా అనుభవం అలా లేదు. అవతలి మనిషికి తన మీద ఏం రాశారో తెలుస్తుంది, అంతే. అది చాలా తక్కువ. మన చేతిలో ఉన్నది అంతవరకే. ఇంకొక సంగతి: పై అధికారి 'నీ ఒక్కనికే కాలేదా' అని అడిగితే, కాలేదని చెప్పడం సాధ్యమే. నేను ఆ మాట ముప్పై ఏళ్ల సర్వీసులో తర్వాత రెండుసార్లు అన్నాను. కచేరీ కూలిపోలేదు.

శనివారం సంతకాలు మాత్రం ఆ కేసుతో ఆగిపోయాయి. అప్పటి నుంచి ప్రతి ఖైదీ దగ్గరికీ పోయాను, చదివాను. వాళ్లలో చాలామందిని ఆ చదవడమే లోపల ఉంచిందని తెలిసీ చదివాను.

సాంబయ్య తర్వాత పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. ఒక బుధవారం అతని విడుదల ఉత్తర్వు నా బల్ల మీదికి వచ్చింది. టాంగా మాట్లాడుకోమని కొత్తవాడకు కబురు పంపి, నేను జైలుకు పోయాను.

సాంబయ్య మళ్లీ అదే బల్ల అంచున కూర్చున్నాడు. గడ్డం నెరిసింది. ఉత్తర్వు చదివి చెప్పాను: ఇక నిర్బంధం అవసరం లేదని సర్కారు తృప్తి చెందినందున వదిలిపెట్టడమైనది.

"ఎందుకు ఇడుస్తాండ్రు?" అన్నాడు.

కారణాలు రాయలేదన్నాను.

"పట్టుకునేటప్పుడు ఐదు రాసిండ్రు. ఇడిసేటప్పుడు ఒక్కటన్న దొరకలేదా సారూ?"

ఫారంలో దానికి చోటు లేదన్నాను. అది నిజమే, చోటు లేదు. సిరా దిండు ముందుకు జరిపాను. అతను వేలు చాపలేదు.

"గేటు అవతల చెట్టు కింద ఎవలన్న నిలబడ్డరా, జర చూసి రాండ్రి."

లేచి పోయాను. చిన్న తలుపు వంగి దాటి, చెట్టు దాకా నడిచి, చుట్టూ చూసి తిరిగి వచ్చి చెప్పాను. నా మొహం కాసేపు చూశాడు. అప్పుడు వేలిముద్ర వేశాడు.

డైరీలో ఆ రోజు ఇలా ఉంది: 'బుధవారం. ఎండ. వరంగల్ జైలు. స్వయంగా చదివి వివరించాను. గేటు బయట రాజవ్వ, టాంగా. ఇంకెవరూ లేరు.'